బుడమేరు నీళ్లలో తడిసిన పన్నెండు పదాలు

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా అక్కావాళ్లు కట్టుబట్టలతో పైవాటా వాళ్లింట్లోకి ఎక్కారు. నీళ్లు లాగాక కిందివాటాలో సామాన్లు బయట వేస్తుంటే, అక్క బురదలో కలిసిన చీరలు చూసుకుని ఏడుస్తోంది, బావ మాత్రం ఒక పాత డైరీ కోసం వెతుకుతున్నాడు. ఆటోనగర్‌లో ఆయనకి లేత్ షాపు ఉంది. ఇనుము అమ్మే కొట్టువాళ్లు ఎప్పుడో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ అది. అందులో ఒక పేజీలో పన్నెండు ఇంగ్లిష్ పదాలు రాసిపెట్టానని, అవి దొరక్కపోతే తన బిట్‌కాయిన్ మీద ఆశ వదులుకోవాల్సిందేనని అప్పుడు చెప్పాడు. బిట్‌కాయిన్ ఉందన్న సంగతి అక్కకి తెలియడం కూడా అప్పుడే. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచింది ఇక్కడ రాయను.

నేను గుంటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కాబట్టి తడిసిన డైరీ, చచ్చిన ఫోన్ రెండూ నా నెత్తిమీదకే వచ్చాయి.

ఇలాంటి కేసులో ముందు తేల్చుకోవాల్సింది కాయిన్ ఎక్కడుంది అని. ఎక్స్ఛేంజ్‌లోనే, అంటే బిట్‌కాయిన్ కొని అమ్మే కంపెనీ దగ్గరే ఉంటే పెద్ద టెన్షన్ అక్కర్లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయినా, ఫోన్ పోయినా, పాన్, ఆధార్ చూపించి అకౌంట్ తిరిగి తెచ్చుకోవచ్చు. సొంత వాలెట్, అంటే కాయిన్‌ని మనమే దాచుకునే యాప్, అలా కాదు. అక్కడ మన పేరు ఉండదు, ఫోన్ చేసి మొర పెట్టుకోవడానికి కస్టమర్ కేర్ ఉండదు. పన్నెండు పదాలే తాళం చెవి. అవి ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లది.

బావది రెండో రకం. బిట్‌కాయిన్ లాంటి వాటి వ్యాపారానికి బ్యాంకులు సేవలు ఇవ్వకూడదంటూ 2018లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. ఆ తర్వాత లాక్‌డౌన్‌లో షాపు మూసి కూర్చున్నప్పుడు కొంచెం కొంచెంగా కొన్నాడు. మొత్తం కలిపినా ఒక బిట్‌కాయిన్‌లో పదో వంతు లేదు. అయినా వరదలు వచ్చే నాటికి ఒక బిట్‌కాయిన్ 50 లక్షల రూపాయలకి అటూ ఇటూగా ఉంది కాబట్టి తీసిపారేసే మొత్తమేమీ కాదు. ఎవరో స్నేహితుడు ఎక్స్ఛేంజ్‌లో ఉంచకు అంటే ఫోన్‌లోని వాలెట్ యాప్‌లోకి మార్చుకున్నాడు.

ముందు ఫోన్ సంగతి. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక రిపేరు కుర్రాడు విప్పి చూసి, బోర్డు పోయిందండి అనేశాడు. మెమరీ చిప్ ఒక్కటీ ఊడదీసి చదవొచ్చు కదా అని బావ పట్టుబట్టాడు. ఈమధ్య ఫోన్లలో అది కుదరదు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లన్నిటిలో నిల్వ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని విప్పే కీ ఆ ఫోన్ ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. చిప్ తీసి వేరేచోట పెడితే చెత్త తప్ప ఏమీ కనబడదు. కుర్రాడు డబ్బులకి ఆశపడకుండా ఆ మాటే చెప్పాడు, మంచివాడు.

టెలిగ్రామ్‌లో తగిలినవాడు అంత మంచివాడు కాదు. బావ ఎవరిని అడిగాడో ఏమో, ఒకడు తగులుకుని తాను ఎథికల్ హ్యాకర్‌నని, పోయిన వాలెట్లు తెరవడమే తన పని అని చెప్పాడు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అన్నాడు, తర్వాత గుర్తున్న పదాలు పంపమన్నాడు. పదాలు పంపాక వాడితో మనకి, మనతో వాడికి ఇక పనేముంటుంది? నెంబర్ బ్లాక్ చేయించాను. డబ్బు గనక పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పేవాణ్ణి. అంతదాకా రాలేదు.

ఇక డైరీ. సింగ్‌నగర్‌లో ఇంకా కరెంటు రాలేదు కాబట్టి గుంటూరు తెచ్చేశాను. పేజీలన్నీ ఒక ముద్దలా అంటుకుపోయాయి. ఎండలో పెడదామంది అమ్మ. ఎండకి కాగితం వంకర్లు తిరిగి పెళుసైపోతుందని వద్దన్నాను. పైనుంచి వదులైన పేజీలు వదులైనట్టు తీస్తూ, మధ్యమధ్య టిష్యూ కాగితాలు దూర్చి, టేబుల్ ఫ్యాన్ చిన్నగా పెట్టి వదిలేశాం. న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా కూడా అంటుకుంటుంది. ఓపిక ఉండాలి, అంతే. గోటితో లాగితే పై పొర ఊడి వచ్చేస్తుంది.

పేజీ తెరుచుకున్నప్పుడు చూస్తే, మొదటి ఏడు పదాలు నిన్న రాసినట్టున్నాయి. బాల్ పెన్నుతో రాశాడు. అందులో సిరా నూనెతో చేసేది, నీళ్లకి చలించదు. ఏడో పదం దగ్గర రీఫిల్ అయిపోయి, మిగతా ఐదూ జెల్ పెన్నుతో రాశాడు. అక్కడే వచ్చింది చిక్కు. పేజీ కింది సగమంతా నీలం మేఘంలా పాకింది. ఫోటో తీసి జూమ్ చేద్దాం అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. ఫోన్‌లో తీసిన ఫోటో మనకి తెలియకుండానే క్లౌడ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. నాన్న పంచాంగం చూసే భూతద్దం తీసి, టార్చ్ లైటు పక్కవాటుగా వేసి చూశాం.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఈ పదాలు ఇష్టమొచ్చినట్టు వచ్చేవి కావు. చాలా వాలెట్లు వాడే బిప్ 39 అనే పద్ధతిలో 2,048 పదాల జాబితా ఒకటి ఉంది, ఎవరైనా చూడొచ్చు. అందులో ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. నాలుగు అక్షరాలు చదవగలిగితే పదం దొరికినట్టే. అలా జెల్ పెన్ను పదాల్లో మూడింటిని పట్టుకున్నాం. ఎనిమిదో పదానికి మొదట ఎస్, హెచ్ మాత్రమే కనబడ్డాయి. పదో పదం ఉండాల్సిన చోట మరకే మిగిలింది.

ఎస్, హెచ్‌తో మొదలయ్యేవి ఆ జాబితాలో 23 ఉన్నాయి. పదో పదం 2,048లో ఏదైనా కావచ్చు. రెండూ గుణిస్తే 47,104 కలయికలు. వీటిలో చాలావాటిని చెక్‌సమ్ ముందే ఏరిపారేస్తుంది. ఆధార్ నెంబర్‌లో చివరి అంకె మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసినట్టే, పన్నెండో పదంలో చివరి ముక్క మిగతా పదాలకి కాపలా. ఇష్టమొచ్చిన పన్నెండు పదాలు పేరిస్తే సగటున పదహారింటిలో ఒకటే చెల్లుతుంది. అంటే మిగిలేవి మూడువేలకి కాస్త తక్కువ.

మూడువేలు కంప్యూటర్‌కి లెక్కే కాదు. కానీ వాటిలో బావది ఏదో ఎలా తెలియాలి? చెల్లే ప్రతి కలయికా ఏదో ఒక వాలెట్‌ని తెరుస్తుంది, ఖాళీ వాలెట్‌ని. ఇది తప్పు పాస్‌వర్డ్ అని చెప్పేవాడెవడూ ఉండడు. అందుకని సరిచూసుకోవడానికి ఒక గుర్తు కావాలి. ఆ గుర్తు అడ్రస్, అంటే కాయిన్ వచ్చి చేరే ఖాతా నెంబర్ లాంటిది. చాలామంది పదాల వెంటే పడతారు గానీ నా మటుకు నాకు సగం పని అడ్రస్ దొరకడంతోనే అయిపోయింది.

దొరికింది బావ మెయిల్‌లో. ఎక్స్ఛేంజ్ నుంచి వాలెట్‌కి మార్చుకున్నప్పుడు ఫలానా అడ్రస్‌కి ఇంత పంపాం అని వాళ్లు మెయిల్ పెట్టారు. అడ్రస్ 3 అంకెతో మొదలైంది. దాన్ని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో వేస్తే కాయిన్ మొత్తం అక్కడే కూర్చుని ఉంది. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ ఎక్కే పద్దు పుస్తకం లాంటి బ్లాక్‌చెయిన్ అంతా బహిరంగమే, ఈ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

"కళ్లెదురుగా కనబడుతోందిగా, తీసుకోలేమేంట్రా?" అన్నాడు బావ.

"బ్యాంకు అద్దాల తలుపులోంచి చూస్తున్నాం బావా, అంతే."

బీటీసీ రికవర్ అని ఉచితంగా దొరికే టూల్ ఉంది. పైథాన్‌లో రాసింది, కోడ్ అంతా అందరూ చదవగలిగేలా ఉంటుంది. తెలిసిన పదాలు, తెలియని చోట్లకి జాబితాలు, ఒక అడ్రస్ ఇస్తే కలయికలన్నీ వేసి సరిపోయేది చూస్తుంది. ఇలాంటి టూల్స్‌కి నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి అసలు చోటు నుంచే దించుకోవాలి. ల్యాబ్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి, వైఫై కార్డు పీకేసిన పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. పదాలు టైప్ చేసిన ఆ ల్యాప్‌టాప్ తర్వాత నెట్ మొహం చూడలేదు, డిస్క్ తుడిచేసి పక్కన పడేశాను.

పాతదే అయినా ల్యాప్‌టాప్ టీ తాగేలోపు మొత్తం చూసేసింది. ఏదీ సరిపోలేదు.

అన్నీ చూసి లేదన్నదంటే తెలుసనుకున్న వాటిలోనే ఏదో తేడా ఉందన్నమాట. సహజంగానే మరకలోంచి పట్టుకున్న ఆ మూడు పదాల మీద అనుమానం వచ్చింది. వాటి బదులు దగ్గరగా ఉండే పదాలు పెట్టి చూశాం. లాభం లేకపోయింది. బావ అయితే ఇక వదిలేయ్ అన్నట్టు మంచం ఎక్కాడు. అక్క కాఫీ ఇవ్వడానికి వచ్చి, కాగితం మీద నేను మళ్లీ రాసుకున్న జాబితా, డైరీ పక్కపక్కన పెట్టి చూసింది. షాపు లెక్కల పుస్తకాలు రాత్రిళ్లు ఎక్కించేది ఆవిడే.

"ఇది వూల్ అని రాశావేంటి? ఈయన డీకి పొట్ట వెయ్యడు. నిలువు గీత గీసి వదిలేస్తాడు. కావాలంటే పాత బిల్లులు చూడు, రాడ్ అని రాస్తే రాల్ అని ఉంటుంది."

నాలుగో పదం. బాల్ పెన్నుతో నల్లగా, శుభ్రంగా ఉన్నది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. జాబితాలో వూల్ ఉంది, వుడ్ కూడా ఉంది, తేడా చివరి అక్షరంలోనే. వుడ్ పెట్టి మళ్లీ నడిపాను. కాసేపటికి తెర మీద పన్నెండు పదాలూ వరసగా వచ్చాయి. బావని లేపితే నమ్మడే.

నమ్మకపోవడమే నయమైంది, ఎందుకంటే కొత్త ఫోన్‌లో వాలెట్ యాప్ పెట్టి ఆ పదాలు కొడితే బ్యాలెన్స్ సున్నా చూపించింది. బావ మొహం చూడాలి అప్పుడు. ఇది మాత్రం నేను ఊహించిందే. ఒకే పన్నెండు పదాల నుంచి వేర్వేరు రకాల అడ్రస్‌లు పుడతాయి. 1తో మొదలయ్యేవి పాతకాలం నాటివి, 3తో మొదలయ్యేవి మధ్యలో వచ్చినవి, బీసీ1తో మొదలయ్యేవి ఆ తర్వాతివి. ఒక్కోదానికి ఒక్కో దారి, డెరివేషన్ పాత్ అంటారు. కొత్త యాప్ బీసీ1 దారిలోకి వెళ్లి చూసింది, కాయిన్ ఉన్నది 3 దారిలో. సెట్టింగుల్లో అడ్రస్ రకం మార్చగానే బ్యాలెన్స్ కనబడింది. పదాలు సరైనవే అయినా సున్నా చూసి, ఎవడో దోచేశాడనుకుని ఆశ వదులుకునేవాళ్లు ఉంటారని నా అనుమానం. అడ్రస్ దగ్గరుంటే ఈ భయం ఉండదు.

ఆ రోజే కాయిన్ మొత్తం కొత్త వాలెట్‌కి పంపేశాం. ఇంతమంది చూసిన, ఇన్ని మెషీన్లలో టైప్ చేసిన పదాల మీద డబ్బు ఉంచకూడదు. పదాల గురించి ఇక్కడ ఇంత ధైర్యంగా రాస్తున్నదీ అందుకే, ఆ పాత వాలెట్‌లో ఇప్పుడు ఏమీ లేదు. ముందు చిన్న మొత్తం పంపి, అది చేరాక మిగతాది పంపాం. లావాదేవీలు బ్లాక్‌చెయిన్‌లోకి బ్లాకులుగా, అంటే గుంపులుగా ఎక్కుతాయి, ఒక్కో బ్లాక్‌కి సగటున పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో బావ నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్లొచ్చాడు.

కొత్త పదాలు కాగితం మీద వద్దన్నాడు ఆయనే. షాపులో స్టీలు ముక్క కోసి, పార్టుల మీద నెంబర్లు కొట్టే అక్షరాల పంచ్‌లు తీసి, సుత్తితో ఒక్కో అక్షరం దించాడు. పదానికి నాలుగు అక్షరాలు చాలు కాబట్టి పని త్వరగానే తేలింది. పనివాళ్లని ఆ పూట భోజనానికి ముందే పంపేశాడు. అలాంటి పలకలు రెండు చేశాడు, ఒకటి బ్యాంకు లాకర్‌లో ఉంది. డీకి పొట్ట పంచ్‌లోనే ఉంది కాబట్టి ఆ బెంగ లేదు.

అమ్మాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. 2022 ఏప్రిల్ నుంచి బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపైన సెస్సు. అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక దాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోనివ్వరు, కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు. అంటే ల్యాప్‌టాప్ ఖర్చూ, నా పెట్రోలు ఖర్చూ బావ లెక్కలోకి రావు. అరండల్‌పేటలో మాకు తెలిసిన ఆడిటర్ గారు కొన్న ధరకి రుజువులు తెమ్మన్నారు. 2020 నాటి స్టేట్‌మెంట్లన్నీ బావ మెయిల్‌లోనే ఉన్నాయి, ప్రింట్లు తీసి ఇచ్చి వచ్చాను.