సిమెంటు కాదు, షట్టరు

ఏప్రిల్లో కాలువలు కట్టేసి నీళ్లు ఆపేస్తారు, జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతారు. కోనసీమలో తూము షట్టరు, అంటే నీళ్లు ఆపే తలుపు, మార్చాలంటే ఆ మధ్యలోనే. పోయినేడు నేను రోజూ సిమెంటు కోసమే ఫోన్లు. అమలాపురంలో ఒక్కరోజులో దొరికే సరుకది! షట్టరు తయారీకి 8 వారాలు. ఆ ఆర్డరేమో కాలువ కట్టాక పెట్టాను. నీళ్లొచ్చేనాటికి షట్టరింకా లారీలోనే ఉంది. "ఇసుక బస్తాలు వేయించమంటారా అండీ?" అన్నాడు కాలువ చూసుకునే లస్కరు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈసారి జూన్ నుంచి వెనక్కి లెక్కేశాను. అన్నిటికన్నా పొడవైన పనుల గొలుసే క్రిటికల్ పాత్. అందులో ఒక్కరోజు జారితే పనంతా జారుతుంది. సిమెంటుకు 20 రోజుల ఫ్లోట్ ఉంది, అంటే అన్ని రోజులు ఆలస్యమైనా పని ఆగదు. షట్టరుకు సున్నా. డ్రాయింగు ఆమోదానికి పట్టే రోజులూ కలిపేసి, సంక్రాంతి అరిసెలు అయిపోకముందే ఆర్డరు పెట్టేశా. సిమెంటు కొట్టాయన మాత్రం ఫోనే లేదేంటండీ అని అడుగుతున్నాడు.