గురుకులం నుంచి ఏ అండ్ టీకి

అమెరికాలోని నార్త్ కరోలినా ఏ అండ్ టీ యూనివర్సిటీలో చేరడానికి నాకున్న కారణం గొప్పదేమీ కాదు. డబ్బు. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, అమ్మ పొదుపు సంఘంలో తీసిన అప్పు, బ్యాంకు లోను అన్నీ కలిపినా పేరున్న యూనివర్సిటీల ఫీజు అందలేదు. ఏ అండ్ టీలో అసిస్టెంట్‌షిప్ వచ్చింది. ల్యాబ్ చూసుకుంటే ఫీజులో కొంత తగ్గుతుంది, నెలకింత చేతికొస్తుంది. గ్రీన్స్‌బరో ఎక్కడుందో మ్యాపులో వెతుక్కుని 2017 ఆగస్టులో విమానం ఎక్కాను.

కన్సల్టెన్సీ అతను మాత్రం ముందే గొంతు తగ్గించి చెప్పాడు: "బ్రదర్, అది హెచ్‌బీసీయూ. నల్లవాళ్ళ యూనివర్సిటీ. ఒకసారి ఆలోచించుకో." అందులో ఆలోచించుకోవాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. ప్రకాశం జిల్లాలో సాంఘిక సంక్షేమ గురుకులంలో ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివినవాణ్ణి. ఫలానావాళ్ళ బడి అనిపించుకోవడం నాకు కొత్త కాదు.

ఆ యూనివర్సిటీ పుట్టుకా అలాంటిదే. వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టుకోమని అమెరికా కేంద్ర ప్రభుత్వం 1862 చట్టంతో రాష్ట్రాలకు భూములిచ్చింది. ఆ దారిలో నార్త్ కరోలినాలో 1887లో పుట్టింది రాలీలోని ఎన్‌సీ స్టేట్. మనవాళ్ళు ఇప్పుడు ఎగబడి చేరేది అందులోనే. అప్పట్లో నల్లవాళ్ళకు అందులో చోటు లేదు. 1890లో రెండో చట్టం వచ్చింది. నల్లవాళ్ళని చేర్చుకోండి, లేదంటే వాళ్ళకి వేరే కాలేజీ పెట్టండి, రెండూ చేయకపోతే డబ్బు రాదు అంది. దక్షిణాది రాష్ట్రాలు వేరే కాలేజీకే మొగ్గాయి. అలా 1891లో ఏ అండ్ టీ వచ్చింది. అగ్రికల్చరల్ అండ్ టెక్నికల్ కాబట్టి అక్కడ చదివినవాళ్ళు ఏగీలు.

వేరే పెట్టినా వాటా సమంగా ఇచ్చారా? 2023లో కేంద్ర విద్య, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాశారు. అంతకు ముందు మూడు దశాబ్దాల్లోనే ఇలాంటి యూనివర్సిటీలకు మొత్తం 12 బిలియన్ డాలర్లకు పైగా తక్కువ ముట్టిందని లెక్క చెప్పారు. నార్త్ కరోలినా ఆ 16లో ఒకటి. ఎస్సీల కోసం పెట్టిన సబ్‌ప్లాన్ నిధులు ఎటు మళ్ళుతాయో చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది విన్న కథే. నేను చదివే రోజుల్లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) నియోజకవర్గాల సరిహద్దు గీత కూడా లారెల్ స్ట్రీట్ మీదుగా సరిగ్గా క్యాంపస్ మధ్యలోంచి పోయేది. ఒకే కాలేజీ పిల్లల ఓట్లు రెండు నియోజకవర్గాలకు చీలిపోయేవి. 2019లో ఆ మ్యాపు మార్చారు.

నల్లవాళ్ళ యూనివర్సిటీ అని భయపెట్టారు గానీ, మాస్టర్స్ క్లాసులోకి వెళ్తే సగం మంది మనవాళ్ళే. మిగతావాళ్ళు నైజీరియా, ఘనా, నేపాల్, బంగ్లాదేశ్. అమెరికాలో పుట్టిన నల్ల పిల్లలు కింది అంతస్తుల్లో, బీఎస్ క్లాసుల్లో ఉండేవాళ్ళు. చాలామంది డిగ్రీ అవగానే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు, పైన చదవరు. ఆ దేశంలో నల్లజాతి ఇంజనీర్లు అందరికంటే ఎక్కువమంది బయటికొచ్చేది ఈ యూనివర్సిటీ నుంచే. మనవాళ్ళు మాత్రం నలుగురైదుగురు ఒక అపార్ట్‌మెంట్ తీసుకుని, వంతులవారీగా వండుకుని, వారాంతం కేరీలో తెలుగు స్నేహితుల ఇంట్లో గడిపి, ఒక్క నల్ల విద్యార్థితో కూడా మనసు విప్పి మాట్లాడకుండానే పట్టా పుచ్చుకుని వెళ్ళిపోగలరు. వెళ్ళిపోయారు కూడా. మా వాట్సాప్ గ్రూపులో ఆ పిల్లలకి ఒక మారుపేరు ఉండేది. తెలిసినవాళ్ళకి తెలుసు, ఇక్కడ రాయను. "ఈస్ట్ మార్కెట్ స్ట్రీట్‌లో చీకటి పడ్డాక తిరగొద్దు" అన్న సీనియర్ల మాట విని మొదట్లో నేనూ భయపడ్డాను. ఆ వీధిలోనే రోజూ నడిచి వెళ్ళాల్సి రావడంతో ఆ భయం ఎక్కువ రోజులు నిలవలేదు.

నన్ను గది దాటించింది ల్యాబూ, డైనింగ్ హాలూ. విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. సగం గంటలు ల్యాబుకి, సగం వంటింటికి పెట్టుకున్నాను. ల్యాబులో ఒకమ్మాయికి సీ ప్లస్ ప్లస్ పాయింటర్లు ఎంత చెప్పినా ఎక్కేవి కావు. ఒకరోజు కీబోర్డు మీంచి చెయ్యి తీసేసి, "ఇండియాలో మీది ఏ కులం?" అని అడిగింది. చరిత్ర క్లాసులో డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ అనే నల్లజాతి మేధావి గురించి చదువుతున్నారట. 1946లో అంబేడ్కర్ ఆయనకు ఉత్తరం రాశాడనీ, ఆయన జవాబు ఇచ్చాడనీ మాస్టారు చెప్పారట. డుబాయిస్ కూడా నాష్‌విల్‌లోని ఫిస్క్ అనే నల్లజాతి యూనివర్సిటీలోనే డిగ్రీ చదివాడు. మనవాళ్ళు ఇదే ప్రశ్నని ఇంటి పేరేంటి, ఊళ్ళో ఎటువైపు, నాన్నగారేం చేస్తారు అని నాలుగు మలుపులు తిప్పి అడుగుతారు. ఆ అమ్మాయి సూటిగా అడిగింది, నేనూ సూటిగా చెప్పాను. "ఓకే" అని మళ్ళీ పాయింటర్ల మీద పడింది.

డైనింగ్ హాల్లో బుధవారం ఫ్రైడ్ చికెన్, శుక్రవారం చేపలు. ఆ రెండు రోజులూ క్యూ తలుపు దాటేది. నన్ను ఆశ్చర్యపరిచింది మిగతా తిండి. బొబ్బర్లూ అన్నమూ కలిపి వండుతారు. బెండకాయ వేపుడు ఉంటుంది. కాలర్డ్ అనే దిట్టమైన ఆకుకూరని పొగబెట్టిన మాంసం వేసి గంటల తరబడి ఉడికించి పైన వెనిగర్ పోసుకుంటారు. గోంగూర మాంసం తిన్న నోటికి అందులో లోటల్లా కారమే. రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంటే మొదటిసారి బస్సు దిగిపోయాను.

వంటింట్లో ఒక పెద్దావిడ పని నేర్పేది. పిల్లలు పెద్దవాళ్ళని ఉత్త పేరు పెట్టి పిలవరు, ముందు 'మిస్' చేర్చాల్సిందే. ఆవిడ మాత్రం అందరినీ బేబీ అనేది, నన్ను కూడా. గ్రీన్స్‌బరోకి ఈశాన్యంగా ఉన్న కాస్వెల్ కౌంటీలో పుట్టిందట. చిన్నప్పుడు బడి మానిపించి పొగాకు పనికి పంపేవాళ్ళట. మా అమ్మ చేసేదీ అదే పని అంటే నమ్మలేదు. ఫోన్లో పొగాకు ఆరబెట్టే మా ఊరి బ్యారన్ ఫోటో చూపించాను. కర్రల మీద అల్లిన ఆకు చూడగానే ఆవిడ చేతులు గాలిలో కదిలాయి. ఒకరు ఆకు అందించాలి, ఇంకొకరు దారంతో కర్రకి కట్టాలి, చేతులకి నల్లటి జిగురు పట్టి సబ్బుకి పోదు. అన్నీ మా అమ్మ మాటలే, ఇంగ్లీషులో.

పొగాకుని పసుపు రంగు తిరిగేలా వేడితో ఆరబెట్టే విద్య మొదలైంది కూడా ఆ కాస్వెల్‌లోనే అంటారు. 1839లో స్లేడ్ అనే రైతు దగ్గర బానిసగా ఉన్న స్టీఫెన్ అనే కుర్రాడు మంట కాస్తూ నిద్రపోయాడట. లేచి చూసేసరికి నిప్పు ఆరిపోతోంది. కంగారుగా బొగ్గులు తెచ్చి పోశాడు. ఒక్కసారిగా పెరిగిన వేడికి ఆకు బంగారు రంగుకి తిరిగింది. ఒంగోలు చుట్టుపక్కల, ఇలాగే ఆరబెట్టే వర్జీనియా పొగాకు మీద ఇళ్ళు కట్టిన రైతుల్లో గానీ, ఆకు కోసే రెలుపులకి వెళ్ళే కూలీల్లో గానీ స్టీఫెన్ పేరు విన్నవాళ్ళు నాకు తగల్లేదు.

క్యాంపస్‌లో డడ్లీ భవనం ముందు నలుగురు కుర్రాళ్ళు నడుస్తున్నట్టు ఒక విగ్రహం ఉంది. ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెక్‌కెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్. నలుగురూ ఫస్టియర్ పిల్లలు. 1960 ఫిబ్రవరి 1న ఊళ్ళోని వూల్‌వర్త్ దుకాణంలో చిన్నాచితకా సామాన్లు కొని, తెల్లవాళ్ళు మాత్రమే కూర్చునే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. కొట్టు మూసేదాకా లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. పక్కనే ఉన్న బెన్నెట్ అనే నల్లజాతి మహిళల కాలేజీ అమ్మాయిలూ కూర్చున్నారు. వారం తిరిగేసరికి వందల మంది అయ్యారు. తర్వాత అది దక్షిణాదిలో ఎన్నో ఊళ్ళకి పాకింది. పేర్లు ఆ నలుగురివే చెబుతారు గానీ, వేసవి సెలవులకి ఏ అండ్ టీ పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయినా ఉద్యమం ఆగకపోవడానికి బెన్నెట్ అమ్మాయిలూ, ఊళ్ళో హైస్కూలు పిల్లలూ కారణం. జులై 25న వూల్‌వర్త్ దిగొచ్చింది. ఆ రోజు ఆ కౌంటర్ దగ్గర మొదట కూర్చుని తిన్నది ఆ కొట్టులోనే పని చేసే నల్లజాతి ఉద్యోగులు. అన్నాళ్ళూ ఆ తిండి వండి వడ్డించినవాళ్ళు.

2010 నుంచి ఆ కొట్టు మ్యూజియం. అక్కడ ఆ కౌంటర్, ఆ కుర్చీలు చూస్తుంటే నాకు గుర్తొచ్చింది మా ఊరి సెంటర్లో టీకొట్టు. మాకు ఇచ్చే గ్లాసులు చూరు కింద వేరుగా ఉండేవి, తాగి మేమే కడిగి పెట్టాలి. మా నాన్న దాన్ని గురించి మాట్లాడేవాడు కాదు, టీ మానేశాడు. మాతో వచ్చిన తెలుగు స్నేహితులు బోర్డులన్నీ చదివి "ఎంత అన్యాయం" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. రెండు గ్లాసుల సంగతి చెబితే మాత్రం "ఇప్పుడెక్కడుంది బాసూ అదంతా" అన్నారు.

1964లో రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీలోని టూగలూ అనే నల్లజాతి కాలేజీకి వచ్చి, జాక్సన్ ఊళ్ళో తెల్లవాళ్ళ కెఫెటీరియా ఒకదాంట్లోకి వెళ్తే లోపలికి రానివ్వలేదు. మర్నాడు చెప్పి మరీ మళ్ళీ వెళ్ళాడు, పోలీసులు బండెక్కించారు. పంచె కట్టిన భారత ఎంపీ అని మినహాయింపేమీ లేదు. ఆ మరుసటేడు వచ్చిన వలస చట్టమే మన డాక్టర్లకీ ఇంజనీర్లకీ అమెరికా తలుపు తీసింది. ఆ రెండు సంగతులూ ఒకే గాలిలో జరిగాయని అమెరికాలోని మన తెలుగు సంఘాల సావనీర్లలో రాయగా నేను చూడలేదు.

హోంకమింగ్ గురించి, అంటే పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే పండగ గురించి చెప్పకపోతే ఏగీలు ఊరుకోరు. అక్టోబరులో వస్తుంది. భూమ్మీద ఇంతకంటే గొప్ప హోంకమింగ్ లేదని వాళ్ళ ప్రకటన, నేనైతే ఖండించను. వీధుల నిండా మాంసం కాల్చే పొగ, బ్లూ అండ్ గోల్డ్ బ్యాండు డప్పులకి కిటికీలు అదరడం, ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన తాతలూ అమ్మమ్మలూ నీలం, పసుపు చొక్కాల మీద తమ బ్యాచ్ సంవత్సరం వేసుకుని రావడం. నేను చేరిన ఏడు ఫుట్‌బాల్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, ఆ సంబరం వేరు. ఒకరు "ఏగీ!" అని అరిస్తే విన్నవాళ్ళు "ప్రైడ్!" అనాలి. ముక్కూ మొహం తెలియకపోయినా సరే.

మేం గురుకులం పిల్లలం బీటెక్‌లో చేరాక "ఎక్కడ చదివావు?" అంటే ఊరి పేరు చెప్పి ఆపేసేవాళ్ళం. బడి పేరు చెబితే కులం చెప్పినట్టే, రీయింబర్స్‌మెంట్ అని చెప్పినట్టే. తెలంగాణ గురుకులాల పిల్లలు తమని తాము పిలుచుకునే 'స్వేరో' అన్న పేరుని చొక్కాల మీద వేసుకుని తిరగడం తర్వాతెప్పుడో చూసి ఈర్ష్యపడ్డాను. గ్రీన్స్‌బరోలో డెబ్భై ఏళ్ళ మనిషి, నల్లవాళ్ళ కోసం విడిగా పెట్టిన కాలేజీ పేరుని గుండెల మీద వేసుకుని, మనవణ్ణి భుజాలకెత్తుకుని బ్యాండు చూపిస్తున్నాడు. ఆ కాలేజీ ఎందుకు పుట్టిందో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

ఉద్యోగాల దగ్గరికొస్తే లెక్క వేరు. కెరీర్ ఫెయిర్‌కి పెద్ద కంపెనీలన్నీ వస్తాయి, నల్లజాతి ఇంజనీర్ల కోసం. నా వంతు వచ్చి రెజ్యూమే ఇస్తే మొదటి ప్రశ్న, "స్పాన్సర్‌షిప్ కావాలా?" అంటే వర్క్ వీసాకి కంపెనీయే దరఖాస్తు పెట్టాలా అని. కావాలనగానే ఎదుటి మనిషి నవ్వు అలాగే ఉంటుంది, రెజ్యూమే మాత్రం ఇంకో కట్టలోకి పోతుంది. మావాళ్ళు చాలా తిట్టుకున్నారు. నాకు అప్పుల టెన్షన్ ఉన్నా తిట్టబుద్ధి కాలేదు. వాళ్ళ తాతలు కట్టుకున్న బడికి వాళ్ళ కోసం వచ్చిన కంపెనీలవి. చివరికి అందరిలాగే నేనూ కన్సల్టింగ్ దారిలోనే షార్లెట్ చేరాను. చదువయ్యాక కొన్నాళ్ళు పని చేసుకోనిచ్చే ఓపీటీ, లాటరీ, వర్క్ వీసా హెచ్1బీ, ఆ గోల తెలిసిందే.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయాక మా ఆఫీసులో ఒక్కసారిగా అందరికీ హెచ్‌బీసీయూలు గుర్తొచ్చాయి. "నువ్వు ఏ అండ్ టీ కదా, రిక్రూటింగ్ టీములో ఉంటావా?" అని మేనేజరు అడిగాడు. ఏగీనే గానీ నల్లవాణ్ణి కాదని ఆయనకి కనిపిస్తూనే ఉంది. సరే అన్నాను. ఆ ఏటి నుంచి రెజ్యూమేలు తీసుకునే బల్ల వెనక కూర్చుంటున్నాను. స్పాన్సర్‌షిప్ ప్రశ్న ఇప్పుడు నేనే అడగాలి. కావాలన్నవాళ్ళకి మాత్రం మా కంపెనీలో కుదరదని అక్కడికక్కడే చెప్పేస్తాను, పిల్లలు మెయిల్ కోసం ఎదురుచూడకుండా.

2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. అందులో ఒక కేసు మా రాష్ట్రానిదే, చాపెల్ హిల్ యూనివర్సిటీది. ఆ వారాంతం ఒక తెలుగు ఇంట్లో పుట్టినరోజు పార్టీ. "ఇకనైనా మన పిల్లలకి మెరిట్ మీద సీట్లొస్తాయి. ఇండియాలో ఎప్పుడొస్తుందో ఇలాంటి తీర్పు" అన్నాడొకాయన, బిర్యానీ వడ్డించుకుంటూ. ఇంకొకాయన నా వైపు తిరిగి, "నువ్వేంటి బాబూ, ఏమంటావు? నువ్వు ఆ నల్లవాళ్ళ దాంట్లోనే కదా చదివింది" అన్నాడు. రెండు రకాలుగానూ ఆ దాంట్లోనే చదివానండీ అన్నాను. రెండో రకం ఏమిటని ఆయన అడగలేదు.

ఈ మధ్య మా గురుకులం జూనియర్ ఒకడికి ఏ అండ్ టీ నుంచి అడ్మిట్ వచ్చింది. ఫోన్ చేశాడు. అన్నా, ఆ పేరు చూస్తే ఉద్యోగాలివ్వరంట కదా, నిజమేనా అని మొదలుపెట్టాడు. పేరుతో కాదురా, వీసాతోనే ఇబ్బంది, అది ఎక్కడ చదివినా ఉంటుందన్నాను. అసిస్టెంట్‌షిప్ లెటర్ చేతికొచ్చాకే లోను సంతకం పెట్టమన్నాను. రెజ్యూమేలో ఎన్‌సీఏటీ అని పొట్టిగా రాస్తే సరిపోతుందా అన్నాడు. పూర్తిగా రాయి, నార్త్ కరోలినా అగ్రికల్చరల్ అండ్ టెక్నికల్ స్టేట్ యూనివర్సిటీ, ఒక లైను ఎక్కువ పడితే పడింది అన్నాను. కారం, కందిపొడి ఎక్కువ తెచ్చుకోమన్నాను. హోంకమింగ్ వారంలో మాత్రం గది మారే పని పెట్టుకోవద్దు, ట్రక్కు వీధిలోకి కూడా రాదు.