తొడమీద చేయి

నా చీరలన్నీ ఒకేచోట పాతబడతాయి. కుడి తొడమీద, మోకాలికి జానెడు పైన, అరచేయి ఆనినంత మేర నేత పలచబడి రంగు వెలుస్తుంది. మిగతా చీరంతా కొత్తగా ఉన్నా అక్కడ మాత్రం పదేళ్ళుగా కట్టినట్టు కనిపిస్తుంది. 1972లో, పద్నాలుగు నెలల వయసులో నాకు పోలియో వచ్చింది. జ్వరంతో ఉన్న పిల్లకు పిరుదుకు ఇంజెక్షన్ వేయించారనీ, మూడోనాటికి కుడి కాలు వేలాడిపోయిందనీ మా అమ్మ చెప్పేది. ఆ సూది వేయించినందుకు ఆవిడ బతికినంత కాలమూ తననే తిట్టుకుంది. పోలియో వైరస్ ఒంట్లో ఉన్న సమయంలో కండకు సూది పడితే ఆ అవయవానికే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యశాస్త్రానికి తెలుసు గాని, సూది లేకుండా జ్వరం తగ్గుతుందంటే ఆ రోజుల్లో మా ఊళ్ళో నమ్మేవారెవరు? తొడ ముందుభాగపు కండరంలో పట్టు లేదు కనుక బరువు మోపగానే మోకాలు మడుచుకుపోతుంది. అలా మడవకుండా తొడను చేత్తో వెనక్కి నొక్కి పట్టి అడుగు వేయడం నేను నడక నేర్చిన నాటినుంచీ చేస్తున్న పని. పోలియో వచ్చిన మనవాళ్ళలో ఎంతోమంది నడక ఇదే.

చిన్నప్పుడు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, బరువైన బూటు ఉన్న క్యాలిపర్ ఇచ్చారు. అది కిర్రుమంటుంటే క్లాసులో అందరూ తిరిగి చూసేవారు. పన్నెండో ఏట దాన్ని అటకెక్కించాను. చేయి ఉండగా ఇనుము ఎందుకన్నది అప్పటి నా వాదన, ఇంట్లోవాళ్ళు కూడా దాన్ని పట్టుదలగానే లెక్కగట్టి మెచ్చుకున్నారు. కూర్చుంటే కాలు మూలపడుతుంది, నడిస్తేనే బలం వస్తుంది అన్న మాట వింటూ పెరిగాను. ఆ మాటమీదే బి.ఎడ్. చేసి, 1996లో ఉపాధ్యాయురాలినై, తెనాలి దగ్గర పల్లెలో బస్సు దిగి కిలోమీటరు నడిచి బడికి వెళ్ళాను.

2016 ప్రాంతంలో మొదలైన అలసటను అందుకే నేను అలసటగా గుర్తించలేదు. మధ్యాహ్నం మూడో పీరియడు అయ్యేసరికి ఎవరో ఒంట్లోంచి ప్లగ్గు లాగేసినట్టు అయ్యేది. నల్లబల్ల పైవరుసలో రాయడానికి ఎత్తిన చేయి వాక్యం పూర్తికాకుండానే కిందికి దిగిపోయేది. అంతకన్నా నన్ను భయపెట్టింది ఎడమ కాలు. అది నా బాగున్న కాలు, నలభై ఏళ్ళుగా ఇద్దరి పని ఒక్కటే చేసిన కాలు. అది మెట్ల దగ్గర వణకడం మొదలుపెట్టింది. చూపించుకున్న మొదటి ఇద్దరు వైద్యులు వయసన్నారు, బరువన్నారు. ఒకరు రోజూ గంటసేపు వాకింగ్ చేయమన్నారు. నేను మూడు నెలలు చేశాను, ఆ మూడు నెలల్లోనే ఎక్కువ నష్టపోయానని ఇప్పుడు నమ్ముతున్నాను.

పోస్ట్ పోలియో సిండ్రోమ్ అన్న పేరు 2021లో ఒక నరాల వైద్యురాలి నోట విన్నాను. పేరు కొత్తదేమో గాని సంగతి పాతదే. చిన్ననాటి పోలియో తరువాత ఏళ్ళకు వచ్చే కొత్త బలహీనతను ఫ్రాన్సులో షార్కో అనే పేరున్న నరాల వైద్యుడి కాలంలోనే, 1875లో, వర్ణించారు. వైరస్ వెన్నుపాములోని చలన నాడీకణాలను చంపుతుంది. బతికిన కణాలు ఊరుకోవు. దిక్కులేకుండా మిగిలిన కండపోగులకు కొత్త కొమ్మలు చాచి, తమ వంతుకు ఎన్నో రెట్లు ఎక్కువ పోగులను పోషిస్తాయి. నేను మళ్ళీ నడిచింది వాటి పుణ్యమే. అయితే దశాబ్దాలపాటు ఆ అదనపు మోత మోసిన కణం చివరికి ఒక్కొక్క కొమ్మనే వదులుకుంటుంది, ఆ కొమ్మ పట్టుకున్న పోగులు మళ్ళీ దిక్కులేనివవుతాయి. బాగున్న కాలు సంగతి కూడా ఇక్కడే తేలింది. సగం దాకా నాడీకణాలు పోయినా మామూలు పరీక్షకు కండరం బలంగానే కనబడగలదట. అంటే నా ఎడమ కాలికి కూడా అప్పట్లోనే దెబ్బ తగిలింది, ఎవరికీ తెలియలేదంతే. “పోలియో మళ్ళీ తిరగబెట్టిందా వదినా?” అని మా ఆడపడుచు గొంతు తగ్గించి అడిగింది. తిరగబెట్టలేదు, ఇది ఎవరికీ అంటదు.

దీన్ని తేల్చే ఒక్క పరీక్షంటూ ఏదీ లేదు. పదిహేనేళ్ళకు తక్కువ కాకుండా నిలకడగా ఉన్న మనిషికి కొత్తగా బలహీనత వచ్చి, కనీసం ఏడాదిపాటు పోకుండా ఉండి, అందుకు వేరే కారణమేదీ దొరకనప్పుడే ఈ పేరు పెడతారు. కాబట్టి థైరాయిడ్, బి12, షుగరు, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం వంటివన్నీ ముందు చూడాలి. నా హిమోగ్లోబిన్ తక్కువగా, 9.8 ఉంది. దాన్ని సరిచేశాక మెట్లమీద ఆయాసం తగ్గింది, కాలి వణుకు తగ్గలేదు. మందుల విషయంలో ఆశ పెట్టుకోవద్దని ఆ నరాల వైద్యురాలు ముందే చెప్పారు; పిరిడోస్టిగ్మిన్, అమాంటడీన్, స్టెరాయిడ్లు పరీక్షించి చూశారు గాని వాటివల్ల చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. మిగిలింది ఉన్న శక్తిని లెక్కగా వాడుకోవడమే.

ఆ లెక్క నేర్పింది ఫిజియోథెరపిస్టు. రెండు వారాలపాటు గంట గంటకూ ఏం చేశానో, అలసట సున్నా నుంచి పదిలో ఎంతో రాయమన్నాడు. పాఠాలే నన్ను తినేస్తున్నాయనుకున్నాను. నోటుబుక్కు వేరే మాట చెప్పింది. అన్నిటికన్నా ఖరీదైన పని నిలబడడం: బస్సు కోసం, ప్రార్థనలో, స్టవ్వు ముందు. నడకలో కాళ్ళు కాసేపైనా వంతులు మార్చుకుంటాయి, నిలబడితే భారమంతా ఎడమ కాలిదే. రెండోది నేలమీంచి లేవడం. ఆ వేసవిలో ఆవకాయ పెట్టిన రోజు పీటమీద కూర్చొని ముక్కలు తుడవడం అలసటపట్టీలో మూడు దాటలేదు. ఉప్పుకని, ఆవపిండికని, జాడీకని తొమ్మిదిసార్లు లేచాను, తొమ్మిదో సారికి పట్టీలో ఎనిమిది ఉంది. తరువాత రెండు రోజులు బడికి సెలవు. “టీచరు గారూ, అలిసిపోయాక ఆగడం విశ్రాంతి కాదు, అది పడిపోవడం. నాలుగు దగ్గర ఆగండి” అన్నాడు ఆ అబ్బాయి. వినడానికి తేలికే గాని ఒంట్లో ఇంకా ఓపిక ఉండగా కూర్చోవడమంటే నాకు దొంగతనం చేసినట్టు ఉండేది.

ఇప్పుడు వంటింట్లో ఎత్తు స్టూలుమీద కూర్చొని వండుతాను, కూరలు ముందురోజు సాయంత్రమే తరుక్కుంటాను. రెండో పీరియడు తరువాత స్టాఫ్ రూములో పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుంటాను. నా తరగతిని కింది అంతస్తుకు మార్చమని ప్రధానోపాధ్యాయుడిని అడగడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది, ఆయన ఒప్పుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు. బస్సు మానేసి, వెనుక అదనపు చక్రాలు బిగించిన స్కూటీ కొన్నాను.

వ్యాయామం పూర్తిగా మానేయడమూ తప్పే, ఎందుకంటే వాడని కండరం కూడా కరుగుతుంది. భూమ్యాకర్షణకు ఎదురుగా కాలు ఎత్తగలిగినంత బలం మిగిలిన కండరాలకే నాకు కసరత్తు. అది రోజు విడిచి రోజు, కొద్దిసార్లే, మధ్యలో విరామంతో. మర్నాటికి నొప్పిగాని కొత్త బలహీనతగాని మిగిలితే ఆ మోతాదు ఎక్కువైనట్టే. చచ్చుబడిన కుడి తొడను కసరత్తుతో లేపుదామనే ఆశ మాత్రం వదులుకున్నాను. చలి నాకు పాత శత్రువు. ధనుర్మాసంలో కుడి పాదం నీలంగా మారి, వేళ్ళు మాట వినవు. లేవగానే వేడినీళ్ళు పోసుకొని, మేజోళ్ళు వేసుకుంటే గంట ముందే మనిషినవుతాను. ఇంకొక్క సంగతి నాలాంటివాళ్ళందరికీ చెబుతుంటాను. ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా, అది పంటిదైనా కంటిదైనా, మత్తు ఇచ్చే డాక్టరుకు పోలియో సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే మనకు మత్తుమందులు, కండరాలను సడలించే మందులు ఎక్కువగా పనిచేసి, తేరుకోవడం ఆలస్యం కావచ్చు.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు (టీకాలోని వైరస్ వల్ల కానిది) 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది, 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతమన్న ధ్రువీకరణ వచ్చింది. ఆ వార్త విని సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ కొత్తగా వస్తున్న యువ వైద్యులకు పోలియో ఒక పుస్తకంలోని పేజీ, మేమేమో ఇంకా యాభైలలోనే ఉన్నాం. నా సదరం ధ్రువపత్రంలో ఏళ్ళ క్రితం వేసిన వైకల్య శాతమే ఇప్పటికీ ఉంది. అందులో నా ఎడమ కాలి ప్రస్తావన లేదు.

నిరుడు మళ్ళీ క్యాలిపర్ వేయించుకున్నాను. నలభై రెండేళ్ళ తరువాత కొలతలు ఇవ్వడానికి కూర్చున్నప్పుడు ఓడిపోయి వచ్చినట్టే అనిపించిందని ఒప్పుకోవాలి. ఇది ప్లాస్టిక్కుది, తేలిక, చీర కింద కనిపించదు. లేచి నిలబడగానే మోకాలి దగ్గర తాళం టక్కున పడుతుంది, కూర్చునేటప్పుడు వేలితో ఎత్తాలి. ఇన్నేళ్ళు తొడను నొక్కినందుకు వంగిన నడుము, నొప్పి పట్టిన మణికట్టు కొంచెం తెరిపిన పడ్డాయి. ఇప్పుడు ఆ చేతిలో సుద్దముక్క, హాజరుపట్టీ పట్టుకొని నడవవచ్చు. కానీ తాళం పడ్డాక కూడా రెండడుగులు వేసేసరికి చేయి దానంతట అదే తొడమీదికి దిగుతోంది. మొన్న ఉగాదికి కొన్న చీరకు కూడా అక్కడ రంగు తగ్గడం మొదలైంది.