నాలుగు సర్వర్లు ఐదయిన రాత్రి

ఈ దేశం వచ్చిన ఏడో నెలలో మొదటిసారి ఆన్‌కాల్ పడింది, అంటే సిస్టమ్‌కి ఏమైనా అయితే ఏ వేళైనా ఫోన్ ఎత్తాల్సిన డ్యూటీ. రాత్రి ఫోన్ మోగితే ఇంటి నుంచా, ఆఫీసు నుంచా అని గుండె దడదడలాడేది, రెండింటికీ వేరే రింగ్‌టోన్లు పెట్టుకున్నాకే కాస్త నిద్రపట్టింది.

మా టీమ్ పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, అప్లికేషన్ ఒక కీ (డేటాకి పెట్టిన గుర్తింపు పేరు) ఇస్తే దాని డేటా ఏ సర్వర్‌లో ఉందో చిటికెలో పట్టి ఇవ్వడం. కీని హాష్ చేసి, అంటే ఒక సూత్రంతో అంకెగా మార్చి, ఆ అంకెని సర్వర్ల సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషమే సర్వర్ నంబరు. లోడ్ పెరుగుతోందని నాలుగు క్యాష్ సర్వర్లకి (డేటాబేస్‌ దాకా పోకుండా డేటా కాపీని దగ్గర ఉంచుకునేవి) ఆ సాయంత్రం నేనే ఇంకోటి కలిపాను.

హాష్ 14 అనుకోండి. నాలుగుతో భాగిస్తే శేషం 2, ఐదుతో భాగిస్తే 4. నిన్నటిదాకా 2లో ఉన్నదాన్ని ఇప్పుడు 4లో వెతుకుతున్నాం, అక్కడేముంటుంది! నూటికి 80 కీలది ఇదే గతి. దొరకనివన్నీ డేటాబేస్ మీద పడేసరికి అది కుదేలైంది.

విచిత్రం ఏంటంటే ఇంటర్వ్యూలో దీనికి మందేమిటో గడగడా చెప్పినవాణ్ణే నేను. కన్సిస్టెంట్ హాషింగ్, 1997లో డేవిడ్ కార్గర్, ఎంఐటీ సహచరులు రాసిన పేపర్. సర్వర్లనీ కీలనీ ఒకే వలయం మీద పెడితే ప్రతి కీ సవ్యదిశలో తగిలే మొదటి సర్వర్‌కి చెందుతుంది, ఐదోది వస్తే సగటున ఐదో వంతు కీలే కదులుతాయి. ఒక్కో సర్వర్‌కి ఒకే చుక్క పెడితే ఒకదానికి పెద్ద వాటా, ఇంకోదానికి చిన్నది వస్తుంది కాబట్టి చాలా చుక్కలు పెడతారు, 2007 నాటి అమెజాన్ డైనమో పేపర్‌లో వాటినే వర్చువల్ నోడ్లు అన్నారు.

కోడ్‌లో ఆ శేషం లెక్కకట్టే లైను మొదటి నెలలోనే నా కంటపడింది. కొత్తవాణ్ణి, పైగా నా యాసతో ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి, ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నా.

మర్నాడు మీటింగ్‌కి టెన్షన్‌తోనే వెళ్లాను, ఉద్యోగం పోతే వీసా కూడా పోయే వాడి టెన్షన్ అది. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. ఇంత పెళుసు ఏర్పాటు ఇన్నాళ్లు ఎవరి కంటా పడలేదా అని మాత్రం అడిగారు. నేను చూశానని చెప్పేశా. మరి చెప్పలేదేం అంది మా లీడ్, కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. నా దగ్గర జవాబు లేదు.

వలయం పని నాకే అప్పగించారు. ఆరో సర్వర్ కలిపిన రాత్రి, క్యాష్‌లో నూటికి ఎన్ని కీలు దొరుకుతున్నాయో చూపే గ్రాఫ్ కొంచెం కిందికి వంగి మళ్లీ లేచింది. ఫోన్ మోగలేదు, నేను మాత్రం తెల్లవార్లూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నా.