పెంకుటింటి సాంబ్రాణి, ఎనిమిదో అంతస్తు గది

మా మనవడికి మూడేళ్లు. పోయిన నవంబరులో ఒక రాత్రి వాడి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. మా అబ్బాయి వాడిని దుప్పట్లో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాడు. మందుని ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ పెట్టాక తెల్లవారుజాముకి కాస్త నెమ్మదించింది.

డాక్టరమ్మ మందులు రాస్తూ, "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?" అని అడిగింది. లేదన్నాం. "మరి అగరుబత్తి, దోమల కాయిల్, సాంబ్రాణి?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ మూడూ మా ఇంట్లో నా చేతులతో వెలిగేవే.

ఖమ్మం దగ్గర మా ఊళ్లో పిల్లలకు తలంటు పోస్తే, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి జుట్టు ఆరబెట్టేవాళ్లం. మా అబ్బాయిని అలాగే పెంచాను. కానీ అది పెంకుటిల్లు. ఎదురెదురు తలుపులు, పెంకుల సందులు, పొగ నిలిచేది కాదు. ఇక్కడ హైదరాబాద్ ప్రగతినగర్‌లో మాది ఎనిమిదో అంతస్తు. ఎదురుగా టవర్ కడుతున్నారు, ఆ సిమెంటు దుమ్ముకి భయపడి స్లైడింగ్ కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతాం. బయటి గాలే చెడ్డదనుకున్నాం.

మా అబ్బాయి ఆఫీసులో స్నేహితుడి దగ్గర గాలి కొలిచే మీటరు వారం రోజులకి అడిగి తెచ్చాడు. వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండని కణాలను, పీఎం 2.5 అంటారే, వాటిని లెక్కపెడుతుంది. అవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్లిపోతాయి. ఘనపు మీటరు గాలిలో అవి రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశం పెట్టుకున్న హద్దు 60. ఆ రోజు మధ్యాహ్నం మా బాల్కనీలో 48 చూపించింది.

సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే పిల్లాడి గదిలో కాయిల్ వెలిగించి తలుపు వేశాను. చెరువు దగ్గర ఇల్లు, దోమలు అంతా ఇంతా కాదు. ఎనిమిదింటికి కాయిల్ తీసేశాం. తొమ్మిదింటికి, పొగ కంటికి కనపడనప్పుడు మీటరు పెడితే 260! రోజూ ఆ టైముకే వాడిని ఆ గదిలో పడుకోబెట్టి ఏసీ వేసేవాళ్లం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేవాటితో సమానమని 2003లోనే ఒక పరిశోధనలో తేలిందట. ఇరవై ఏళ్లుగా నాకు తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఏసీ బయటి గాలి తెస్తుందనుకునేదాన్ని. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, అంతే. ముగ్గురం పడుకున్న గదిలో పొద్దుటికి కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ల గాలిలో 2100 పాళ్లు దాటిందని ఆ మీటరే చూపించింది. బయట 420 ప్రాంతంలో ఉంటుంది. లేవగానే తలబరువెందుకో అప్పుడు అర్థమైంది. వంటింట్లో ఎండుమిర్చి పోపు పెడితే సన్న కణాల అంకె మళ్లీ ఎగబాకింది. మా చిమ్నీకి బయటికి పైపు లేదు, జిడ్డు మాత్రం పట్టి మిగతాది ఇంట్లోకే వదులుతుంది. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఆస్తమా ఉన్న పిల్లలకు పడదట.

మా అమ్మ గుర్తొచ్చింది. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదింది. 1999లో దీపం పథకం మొదలయ్యాక గ్యాస్ వచ్చింది కానీ, అప్పటికే నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. "చుట్ట అలవాటుందా అమ్మా?" అని డాక్టరు అడిగితే, "ఎన్నడూ ముట్టలేదయ్యా" అని నొచ్చుకుంది. వంటపొయ్యి పొగ చుట్ట పొగలాగే ఊపిరితిత్తులను తినేస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని చదివినప్పుడు నాకు ఆ ఊదుగొట్టమే కళ్లముందు కనిపించింది.

ఇప్పుడు కిటికీలకు జాలీలు, వాడి మంచానికి దోమతెర. పోపు పెట్టేటప్పుడు యుటిలిటీ తలుపు తీసి, బయటికి లాగే ఫ్యాన్ వేస్తాను. కిటికీలు పది దాటాక తీస్తున్నాం, చలికాలం తెల్లవారుజామున ఊరి పొగంతా కిందే పేరుకుని ఉంటుంది కాబట్టి. దేవుడి దగ్గర నూనె దీపం ఒక్కటే. శుక్రవారం సాంబ్రాణి బాల్కనీలో, తలుపు వేసి.

కోడలిని అడిగాను, నీకు ముందే అనుమానం వచ్చిందా అని. కాసేపు ఊరుకుని, "మీరు ప్రేమగా వేస్తున్నారు కదా అత్తయ్యా, ఎలా చెప్పను" అంది. నాకు ఏడుపొచ్చింది. అలాంటివి వెంటనే చెప్పెయ్యమ్మా అన్నాను.

ఇన్‌హేలర్ సంక్రాంతి దాకా ఆపొద్దంది డాక్టరమ్మ. పొద్దునా రాత్రీ దానికి తగిలించే గొట్టం, స్పేసర్, నేనే పట్టుకుంటున్నాను. వాడు నా వేళ్ల మీద పది ఊపిరులూ లెక్కపెడతాడు.