బ్రదర్ అంటే సగం ఫాదర్ కాదు

నొవిషియేట్‌కి, అంటే బ్రదర్‌గా వ్రతాలు తీసుకునే ముందుండే శిక్షణకి, తీసుకుంటున్నామని నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. అప్పట్నించి అమ్మ చేతిలో జపమాల కింద పెట్టలేదు.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో గుణదల మాత కొండెక్కుతూ బ్రదర్ అవ్వాలనుకున్నాను. బ్రదర్ అంటే ఫాదర్‌లా పూజ చెయ్యకుండా, వ్రతాలతో సభలో జీవించే కాథలిక్ సన్యాసి. మాంట్‌ఫోర్ట్ గబ్రియేల్ బ్రదర్ల సభ 1903 నుంచి మన దేశంలో ఉంది, వాళ్ల ముఖ్యమైన పని బడి. నాకు పిల్లలకు లెక్కలు చెప్పడమంటే ప్రాణం. శిబిరం, ఇంటర్వ్యూ, డాక్టరు పరీక్షలు, పోస్టులెంట్‌గా (నొవిషియేట్‌కి ముందు అభ్యర్థిగా) గడిపిన కాలం అన్నీ సాఫీగానే జరిగాయి.

ఏడిపించింది కాగితాలు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పత్రాలు, పెళ్లి కాలేదన్న రుజువు లేకుండా నొవిషియేట్‌లో చేర్చుకోకూడదని చర్చి చట్టం 645లో ఉంది. మా విచారణ (మా గుడి పరిధి) రిజిస్టరులో నా పేరు ఉత్త యోసేపు. టెన్త్ మెమోలో ఇంకో పేరు. గుడి ఆఫీసు గుమాస్తా రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి ఆదివారం పూజ అయ్యాక వెళ్లాం. వరండా నిండా జనం.

"ఏమయ్యా, మీవాడికి ఫాదర్ అయ్యేంత చదువు అబ్బలేదా? పూజ చెయ్యని దానికి ఇన్ని కాగితాలెందుకు?" అన్నాడు గట్టిగా.

నాన్న కండువా సర్దుకుంటూ నేల చూశాడు. నాకు నోట మాట రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాడు, "నిజంగానే నీకు చదువు రాలేదంట్రా?"

ఇంటర్‌లో 940 తెచ్చుకున్నాను. ఫాదర్ కావాలనుంటే సెమినరీకే వెళ్లేవాణ్ణి. గురుపట్టం (ఫాదర్ పట్టం) లేని సన్యాస జీవితం తనంతట తానే సంపూర్ణమని వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. మన గుళ్లలో ఆ మాట ఎవరూ చెప్పరు. అదే నా బాధ.

చివరికి మా జ్ఞానతండ్రిగారు (జ్ఞానస్నానంలో నాకు తోడు నిలిచినాయన) ఆ రెండు పేర్లూ నావేనని రాసిచ్చి సంతకం పెట్టారు. విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదర్ గారు, అయిదు నిమిషాల్లో పత్రం ఇచ్చారు. బ్రదర్ కావాలనుకుంటే మీరు మాత్రం మొదటే ఫాదర్ గారిని కలవండి, మెమో, ఆధార్ తీసుకెళ్లండి. గుమాస్తా చుట్టూ తిరగొద్దు.

వచ్చే నెల ప్రయాణం. నొవిషియేట్ 12 నెలలకు తగ్గదు. నాన్నకు పొలంలో ఎవరు తోడుంటారో ఇంకా తేలలేదు, ఈ రాత్రి తమ్ముడితో మాట్లాడాలి.