జాడీ ముట్టుకున్న రోజు

12 మే 2024, ఆదివారం. తెనాలి.

రాత్రి పదకొండు దాటింది. చేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. కొబ్బరినూనె రాశాను, నెయ్యి రాశాను, పెరుగు గిన్నెలో వేళ్లు ముంచుకుని పావుగంట కూర్చున్నాను. దేనికీ లొంగలేదు. పెన్ను పట్టుకుంటే వేళ్ల సందుల్లో చురుక్కుమంటోంది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాసేయాలి. రేపటికి ఇది నాకే చిన్న విషయం అయిపోతుంది.

రేపు పోలింగ్. అందుకే వచ్చాం. హైదరాబాద్ నుంచి ఐదున్నర గంటల దారి, నిన్న తొమ్మిది గంటలు పట్టింది. ఊళ్లున్న వాళ్లందరూ ఒకే రోజు ఊళ్లకి బయల్దేరారు మరి. టోల్‌గేట్ల దగ్గర కార్లు కదల్లేదు, పాప రెండుసార్లు వాంతి చేసుకుంది, మా ఆయన ఏసీ ఆపి మా అందరి ఉసురూ పోసుకున్నాడు. ఇల్లు చేరేసరికి ప్రచారం మైకులు ఆగిపోయి వీధి మొత్తం నిశ్శబ్దం. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూడగానే "చిక్కిపోయావేంటే" అంది. పోయినసారి వచ్చినప్పటికంటే నాలుగు కేజీలు పెరిగాను నేను.

ఓటుకి ఎలాగూ వస్తాం కాబట్టి ఆవకాయ కూడా ఇవాళే అని అమ్మ ముందే ముహూర్తం పెట్టేసుకుంది. కారం ఆడించి పెట్టింది. ఆవాలు ఎండబెట్టి దంపించింది. కల్లుప్పు రెండు రోజులు ఎండలో పోసి పొడి కొట్టించింది. పొద్దున్న ఆరింటికల్లా నాన్న, మా ఆయన మార్కెట్‌కి వెళ్లి పాతిక కాయలు ముక్కలు కొట్టించుకొచ్చారు.

వాళ్లటు వెళ్లారో లేదో నాకిటు డేట్ వచ్చింది. నాలుగు రోజులు ముందే.

నాకు నలభై ఒకటి. ఆడిట్ ఆఫీసులో పదిహేనేళ్ల సర్వీసు. హైదరాబాద్‌లో మా వంటింట్లో ఈ పట్టింపులేవీ లేవు. కానీ బాత్రూమ్‌లో నిలబడి నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన కడుపునొప్పి గురించి కాదు, "అయ్యో, ఆవకాయ!" అని. ఈ ఇంటి గడప తొక్కితే చాలు, నేను తిరిగి పన్నెండేళ్ల పిల్లనైపోతాను. ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఏదో వంక చెప్పి కలిపే పని తప్పించుకుందాం అనుకున్నాను.

హాల్లోకొచ్చేసరికి పాప గ్రీటింగ్ కార్డుతో రెడీగా ఉంది. రాత్రి స్కెచ్ పెన్నులతో కూర్చున్నది దీనికన్నమాట. "అమ్మకి మదర్స్ డే శుభాకాంశలు." క్షకి బదులు శ. దానికి తెలుగు వారానికి మూడు పీరియడ్లు, ఈమాత్రం రాసిందంటేనే గొప్ప. దిద్దుదామని నోటిదాకా వచ్చి మింగేశాను. అమ్మకి ఇంకోటి, "అమ్మమ్మకి కూడా" అని. అంతే, ఆ రెండు ముక్కలే. దాన్ని అమ్మ వసారాలో ఫ్రిజ్ మీద, గ్యాస్ బండ ఫోన్ నంబరు పక్కన అంటించింది.

టిఫిన్ తింటూ పాప ఫోన్ చూసి సమాచారం చదవడం మొదలుపెట్టింది. ఈ పండగ అమెరికాలో 1908లో మొదలైందట, అన్నా జార్విస్ అనే ఆవిడ వాళ్లమ్మ జ్ఞాపకార్థం చేసిందట, 1914లో వాళ్ల ప్రెసిడెంటు మే నెల రెండో ఆదివారం అని ఖాయం చేశాడట. తర్వాత పూలకొట్ల వాళ్లూ కార్డుల వాళ్లూ దాన్ని వ్యాపారం చేసేశారని అదే ఆవిడ బతికినన్నాళ్లూ పోట్లాడిందట.

"అమ్మమ్మా, ఇంకోటి తెలుసా? ఆవిడకసలు పిల్లలే లేరంట!"

అమ్మ ఇడ్లీ మీద నెయ్యి వేస్తూ, "పిల్లలు లేకపోతేనేం, ఆవిడకీ అమ్మ ఉంది కదే" అంది. పాప దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తొమ్మిదింటికి ఫ్యాను కింద చాప పరిచి ముక్కలు పోశారు. ప్రతి ముక్కలోనూ జీడి తీసేయాలి, టెంకకి అంటుకున్న సన్నటి పొర ఒలిచేయాలి, పొడి గుడ్డతో తుడవాలి. టెంక మాత్రం ఊడకూడదు, టెంక లేని ముక్క నాలుగు నెలలకే మెత్తబడిపోతుంది. పాపకి ఆ పొర తీయడం తెగ నచ్చింది. ఆ పల్చటి కాగితాల్ని వరసగా చాప అంచున పేర్చుకుంది. ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి, ప్రభుత్వ బడి. ఇద్దరూ గుసగుసలు. నా చెవులు అటే ఉన్నాయి, ఏ తల్లి చెవులైనా అంతే.

ఈ ఏడాదిలో పాప మూడంగుళాలు పెరిగింది. పదకొండు నిండి రెండు నెలలు. ఏప్రిల్‌లో డాక్టరమ్మ "ఇంక ఎప్పుడైనా మొదలవ్వచ్చు, చెప్పి ఉంచండి" అంది. ఎలా చెప్పాలో ఆర్నెల్ల నుంచీ రిహార్సల్ వేసుకుంటూనే ఉన్నాను, స్నానం చేస్తూ, ట్రాఫిక్‌లో, ఇస్త్రీ చేస్తూ. భయపెట్టకూడదు, అలాగని పండగలా చేయకూడదు. ఒక్కసారి కూడా నోరు పెగల్లేదు. ఆఫీసులో కోట్ల లెక్కల్లో తప్పులు పట్టుకుని ముఖాన చెప్పేదాన్ని, ఇది చెప్పలేకపోయాను.

నాకెవరూ చెప్పలేదు. 1995లో, సరిగ్గా ఈ ఇంట్లోనే, వెనక వసారా మూలలో చాప వేసి కూర్చోబెట్టారు. పదకొండు రోజులు. నాకో కంచం, నాకో గ్లాసు, ఎవరినీ ముట్టుకోకూడదు. చిమ్మిలి ఉండలు మాత్రం రోజూ పెట్టారు. నువ్వులూ బెల్లమూ కలిపి రోట్లో దంచిన ఆ వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆ చాపే గుర్తొస్తుంది. బళ్లో క్వార్టర్లీ లెక్కల పరీక్ష పోయింది. మూడో రోజు రాత్రి నాకు జ్వరం. అమ్మ గుమ్మం దాటి రాలేదు. నాయనమ్మ మంచం ఆ గుమ్మానికి అడ్డంగానే ఉండేది. అమ్మ అవతల నిలబడి, ఎనిమిదేళ్ల మా తమ్ముణ్ణి లోపలికి పంపింది. "నుదురు మీద చెయ్యి పెట్టి చూడరా. కాలుతోందా? ఎంత కాలుతోంది?" వాడు చెయ్యి పెట్టి, కాసేపు ఆలోచించి, "దోసెల పెనమంత" అన్నాడు.

ఇంట్లో అందరూ నవ్వుకునే కథే ఇది. పెళ్లిళ్లలో వాడే చెప్తాడు. నేనూ నవ్వుతాను.

పదకొండింటికి అన్నీ సిద్ధం. పెద్ద బేసిన్‌లో కారం, ఆవపిండి, ఉప్పు పోసింది అమ్మ. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ఉప్పు మాత్రం గిన్నెకి కాస్త వెలితి. గుప్పెడు మెంతులు, ఒలిచిన వెల్లుల్లి. ఆ పక్కన గిన్నెడు పప్పునూనె. ముక్కని నూనెలో ముంచి, పిండిలో దొర్లించి, జాడీలో వేయడం మా ఇంటి పద్ధతి. అమ్మ ఒక వాయి వేసింది. రెండో వాయికి భుజం పట్టుకుని ఆగిపోయింది. సంక్రాంతి నుంచీ ఆ కుడి భుజం పైకి లేవడం లేదు, ఫోన్లో అడిగితే మాత్రం "తగ్గిందిలే" అనేది.

"నువ్వు కలపవే" అంది.

పాపా, ఆ పిల్లా అక్కడే ఉన్నారు. అమ్మ చెవి దగ్గరకెళ్లి మెల్లగా "నాకు పొద్దున డేట్ వచ్చిందమ్మా" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. పాప వైపు చూసింది. జాడీ వైపు చూసింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"తడి లేకుండా తుడుచుకుని రా. తడి తగిలితేనే బూజు."

అంతే. ఇంకేం అనలేదు. నేను పొడి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాను, రెండుసార్లు, మూడుసార్లు. వేళ్ల సందులు కూడా. వచ్చి కూర్చుని బేసిన్‌లో చెయ్యి పెట్టాను. ఇంట్లో మిగతావన్నీ ముట్టుకున్నాను గానీ, నలభై ఒక్క ఏళ్లలో ఆ సమయంలో ఆవకాయలో చెయ్యి పెట్టడం ఇదే మొదటిసారి. ఊరికే బూజు పట్టేస్తుందేమో అని లోపల ఒక పిచ్చి భయం. చదువుకున్న చదువంతా ఎటు పోయిందో.

"డేట్ అంటే పీరియడ్సే కదా?" అంది పాప, పొర ఒలుస్తూనే, తలెత్తకుండా. వినేసింది. "మా క్లాసులో ముగ్గురికి వచ్చేశాయి. మేడమ్ వీడియో చూపించింది." ఆ రెండో పిల్ల కూడా మొదలుపెట్టింది. వాళ్ల బడిలో ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇస్తారట, ఇంటికి తెచ్చుకుంటే వాళ్లక్క లాక్కుంటుందట. ఇద్దరూ కిసుక్కుమన్నారు. నా ఆర్నెల్ల రిహార్సల్ ఆ చాప మీదే, తీసి పడేసిన మామిడి జీళ్ల మధ్య ముగిసిపోయింది. ఊపిరి పీల్చుకోవాలో, నన్నెవరూ పిలవని పెళ్లిలా ఉందని బాధపడాలో తెలియలేదు.

అబద్ధం రాసుకోను. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. తడి తగిలితేనే బూజు అని ఇంత తేలిగ్గా అనగలిగిన మనిషి, నాకు జ్వరమొచ్చిన రాత్రి ఆ గుమ్మం ఎందుకు దాటలేదు? ముక్కల్ని కొంచెం గట్టిగానే దొర్లించినట్టున్నాను. "మెల్లగానే, టెంకలు ఊడిపోతాయి" అంది అమ్మ.

మధ్యాహ్నం మాత్రం అన్నీ మర్చిపోయాను. జాడీలోకి ఎత్తేశాక ఖాళీ బేసిన్‌లో వేడన్నం పోసి, అడుగున మిగిలిన గుండతో నూనెతో కలిపి, అమ్మ ఎడమచేత్తోనే ముద్దలు పెట్టింది. చుట్టూ కూర్చుని చేతులు చాపాం, నాన్నతో సహా. మా ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఐదు తిన్నాడు. పాప ముక్కు కారుతుంటే మధ్యలో పెరుగు నాకుతూ మళ్లీ చెయ్యి చాపింది. ఏడాదిలో జాడీ మొత్తం తిన్నా ఆ ముద్దంత రుచి ఉండదు.

సాయంత్రం అమ్మ జాడీకి వాసెన కడుతుంటే తాడు పట్టుకున్నాను. అడిగేశాను. "నాకప్పుడు జ్వరమొచ్చింది, గుర్తుందా?"

"లేకేం. పెనమంత అన్నాడు వెధవ. తెల్లార్లూ కునుకు లేదు నాకు."

"మరి రాలేదేం?"

ముడి వేసింది. విప్పి మళ్లీ వేసింది. "మీ నాయనమ్మ ఉందిగా." కాసేపాగి, "నాకూ భయమేనే. ముట్టుకుంటే నీకే ఏమన్నా అవుతుందేమోనని" అంది. అప్పుడు అమ్మకి ముప్పై నాలుగు. ఇప్పటి నాకంటే ఏడేళ్లు చిన్నది. ఈ లెక్క నేనింతవరకూ వేసుకోలేదు.

"నూనె చాలినట్టు లేదు, మూడో రోజు చూడాలి" అని లేచింది.

మూడో రోజంటే మంగళవారం. ఊట పైకొచ్చాక అడుగు నుంచి తిరగేసి కలపాలి, ఉప్పు చూడాలి. మేం రేపు ఓటేసి రాత్రికి బయల్దేరాలి. ఆ భుజంతో ఎలా కలుపుతావని అడిగితే, "పాపని వదిలి వెళ్లు. సెలవులేగా. దాని చేత కలిపిస్తా" అంది. పాప ఎగిరి గంతేసింది, నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. రెండు వారాలు. సరిగ్గా ఈ రెండు వారాల్లోనే వస్తే? నేను లేకుండా?

ఇందాక అందరూ పడుకున్నాక, నా బ్యాగ్‌లో ఉన్న ప్యాడ్ల ప్యాకెట్ తీసి పాప బట్టల కింద పెట్టాను. పెట్టిన చోటు చెబుదామని అమ్మ మంచం దగ్గరకి వెళ్లాను. కళ్లు మూసుకునే "చూశాలే. బీరువాలో ఇంకోటి ఉంది" అంది.

వెళ్లిపోబోయి ఆగాను. అడక్కుండా ఉండలేకపోయాను. "అమ్మా, దాన్ని మూల కూర్చోబెట్టవుగా?"

"ఏ మూల? ఆ మూలన ఫ్రిజ్ పెట్టాంగా" అని అటు తిరిగి పడుకుంది.